సగం నేసిన పట్టుపంచె

అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. ధర్మవరంలో హిందూపురం ప్యాసింజరు ఎక్కి, అద్దెకు తెచ్చుకున్న జానపద నవల తెరిచాను. తండ్రి సింహాసనం కోసం ఇద్దరు రాజకుమారులు మాయకత్తులు దూసుకునే కథ.

"ఏం కథబ్బా అది?" అని ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడు. చెప్పాను.

"మేమూ అంతే. మా నాయన మగ్గం కోసం నేనూ మాయన్నా కొట్లాడుకుంటిమి. మగ్గం నాకొచ్చె. మాయన్న పెనుకొండకు పోయి కూలికి చేరె. మళ్లా మాటల్లేవు."

ఆయన ఒళ్లో కాగితంలో చుట్టిన పట్టుపంచె ఉంది. ఒక కొసన దారాలు వేలాడుతున్నాయి.

"నేత పూర్తి కాలేదా?" అన్నాను.

"పొద్దున కబురొచ్చె, మాయన్న పోయినాడని. మీద కప్పేదానికి కొత్తగుడ్డ కావల్ల కదా. అంగట్లో కొనేకి మనసు రాలేదు. సగం నేతలో మేం కత్తెర పెట్టం. ఈ పొద్దు పెడితి."

పెనుకొండలో బండి ఆగింది. ఆయన లేచి, "కడాకు ఎవురు గెలుస్తారబ్బా?" అని అడిగాడు.

చివరి పేజీలు నేను ముందే చూసేశాను. "తమ్ముడు," అన్నాను.

వేలాడుతున్న దారాలను మెల్లగా కాగితంలోకి దోపుకున్నాడు.

"పాపం, ఆ తమ్ముడు," అని దిగిపోయాడు.