అత్తగారి అరికాళ్ల మీద ఏడడుగులు

బాపట్లలో నలభై మంది ఎదుట నేను మా అత్తగారిని తొక్కానని తెనాలిలో ఒక కథ తిరుగుతోంది. పెళ్లికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు. తొక్కలేదు. నిలబడ్డాను. అదీ అరికాళ్ల మీద, ఆవిడ అనుమతితో, జపాను పద్ధతిలో. తొక్కడానికీ నిలబడటానికీ తేడా తెలియనివాళ్లతో నాకు వాదన లేదు. అసలు నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇంకా ఘోరమైంది. అదెవరూ చెప్పరు, ఎందుకంటే అందులో అందరికీ వాటా ఉంది.

సెల్‌ఫోన్లలో కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బొటనవేళ్లతో, మోచేతులతో, అవసరమైతే పాదాలతో ఒళ్లు నొక్కి నొప్పులు తగ్గించే షియాట్సు వైద్యం నేర్పడానికి జపాను నుంచి హరుకో అనే పెద్దావిడ వచ్చారు. దేశదేశాలూ తిరిగి నేర్పడమే ఆవిడ పని. మా చుట్టుపక్కల ఫిజియోథెరపీ వాళ్లు, ప్రకృతి వైద్యులు, నాలాంటి యోగా టీచర్లు బాపట్లలో ఒక కల్యాణ మండపంలో పది రోజులు చేరాం. ఆవిడ ఇంగ్లీషును తెలుగు చేసే బాధ్యత నాది. డిగ్రీ చదివానన్న పొగరు ఎక్కడికి పోతుంది. చివరి రోజు, ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చుకున్న మనిషి మీద పరీక్ష పెట్టి, ఒక్కరికి మాత్రం ఇక్కడ ఈ విద్య నేర్పే అనుమతి పత్రం ఇస్తానన్నారు. తెనాలిలో నా క్లాసు గోడకు నేను ముందే మేకు కొట్టి వచ్చాను.

ఎనిమిదో రోజు పాదాల పాఠం. మనిషిని చాప మీద బోర్లా పడుకోబెట్టి, అరికాళ్ల మీద మన మడమలు ఆనించి మెల్లగా ఏడుసార్లు బరువు మార్చాలి. రేపల్లెలో ఫిజియోథెరపీ చేసే బాషా గారు లేచారు.

"ఇది మన దగ్గర కుదరదండి. పెద్దవాళ్లకి కాలు తగిల్తేనే తాకి కళ్లకద్దుకుంటాం. ఎక్కి నిలబడతామంటే ఊరుకుంటారా?"

"వైద్యంలో మర్యాదేంటండి? ఇంజెక్షను పొడిచేచోట మర్యాద చూస్తున్నారా?" అన్నాను.

"మాటలకేముందక్కా. మీ ఇంట్లో పెద్దోళ్ల మీద ఎక్కుతారా మీరు?"

"పరీక్షకి మా అత్తగార్నే తీసుకొస్తాను. చూద్దురుగాని."

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. కానీ అన్నమాట వెనక్కి తీసుకున్న చరిత్ర నాకు లేదు.

అత్తయ్య సులభంగానే ఒప్పుకున్నారు. "మోకాళ్ల నొప్పి తగ్గుద్దంటే ఏనుగెక్కినా సరేనమ్మాయ్" అన్నారు. ఆనక నన్ను ఎగాదిగా చూసి, "పెద్ద తేడా ఏముందిలే" అన్నారు.

పరీక్షలో ఎవరూ మాట్లాడకూడదు. పిట్టలవానిపాలెం పొలం గట్ల మీద నలభై ఏళ్లు నడిచిన పాదాలు నా ముందు వెల్లకిలా ఉన్నాయి. ఎడమ మడమ ఆనించాను. ఆనిందో లేదో, నన్నడగకుండానే నా నడుము వంగింది, చెయ్యి ఆవిడ పాదాన్ని తాకింది, వేళ్లు నా కళ్ల దగ్గరికి వెళ్లాయి. పాదాలకు చెయ్యి తగలగానే అత్తయ్య, నా అలవాటు కన్నా పాత అలవాటుతో, చాపలోకి అన్నారు.

"దీర్ఘసుమంగళీ భవ."

కుడి మడమ ఆనించాను. మళ్లీ వంగాను.

"దీర్ఘసుమంగళీ భవ."

"అత్తయ్యా, మాట్లాడకూడదండి" గొణిగాను.

"నువ్వు దణ్ణాలు మానెయ్, నేనూ మానేస్తా. దణ్ణం పెడితే దీవించకుండా ఎట్టా? తేడా వస్తే మావాడికి కదా."

ఏడడుగులు. పెళ్లిలో కూడా అంత భయపడుతూ వెయ్యలేదు. ఏడోదానికి తూలి ఆవిడ పిక్కల మీద కూర్చున్నాను. కూర్చోవడం తొక్కడం కిందికి రాదని మనవి.

"ఏనుగు దిగిందా?" అన్నారు అత్తయ్య.

హరుకో గారు నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు. "ఈ వంగడం నేను నేర్పలేదే. ఆవిడ చదివిన మంత్రం ఏమిటి?"

కాలు తగిలినందుకు క్షమించమన్నాను, ఆవిడ దీవించింది. నిజం ఇంతే. చెబితే బాషా గారు గెలిచినట్టు. ఆయన అప్పటికే మీసాల కింద నవ్వుతున్నారు. మేకు ఖాళీగా కళ్ల ముందు కనిపించింది.

"ఇది మా డెల్టాలో పాత వైద్య పద్ధతండి" అన్నాను. "రోగి నుంచి దిగిన భారాన్ని వైద్యుడు కళ్లతో చల్లారుస్తాడు. ఆ మాట రోగి ఊపిరి కోసం. ఎనిమిది అక్షరాలు, సరిగ్గా ఒక నిశ్వాసం."

డిగ్రీ మూడేళ్లలో అంత ధారాళమైన ఇంగ్లీషు నా నోట రాలేదు. ఆవిడ నాకు నడుము వంచి నమస్కరించి, మిగతావాళ్లంతా అలాగే చెయ్యాలని ప్రకటించారు. సర్టిఫికెట్ ఎవరికి చేదు? నలభై మందీ నిజం తెలిసే వంగడానికి వరస కట్టారు. బాషా గారు మాత్రం చాప మీది వాళ్ల చిన్నాన్నను చూపించి నన్ను మెల్లగా అడిగారు.

"అక్కా, ఈయన కూడా నన్ను దీర్ఘసుమంగళీ అనాలంటారా?"

"ఊపిరి కోసమండి. అనమనండి."

అన్నారు పాపం, పెద్దాయన.

అనుమతి నాకే వచ్చింది. ఆ వంగే అడుగు వదలకుండా నేర్పాలన్న షరతుతో. రెండేళ్ల తర్వాత జపాను నుంచి పార్సిల్ వచ్చింది. విదేశీ శిష్యుల కోసం ఆవిడ వేయించిన పాఠాల పుస్తకం. అందులో ఒక పేజీ నిండా చీర కట్టిన లావుపాటి మనిషి, నడుము దగ్గర బాణం గుర్తులు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ ఎనిమిదీ. పేరు 'తెనాలి అడుగు'. నాలుగు దేశాల్లో నేర్పాననీ, మగ రోగులకు మరీ బాగా పనిచేస్తోందనీ ఉత్తరం. అత్తయ్య బొమ్మ చూసి, "నిన్ను మాత్రం ఉన్నదున్నట్టు గీసింది" అన్నారు.

కాబట్టి పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అలవాటుగా చేసిన పనికి శాస్త్రం చెప్పను. చెప్పక తప్పకపోతే నోటుపుస్తకం ఉన్నవాళ్లకు చెప్పను.

ఒక్క సందేహం మాత్రం తీరడం లేదు. ఎక్కడో మంచు దేశంలో ఆరడుగుల మగమనిషి బోర్లా పడుకుని, తన కాళ్లెక్కిన ఇంకో మగమనిషిని రోజూ దీర్ఘసుమంగళీ భవ అని దీవిస్తున్నాడు కదా, ఆ ఆయుష్షంతా ఎవరికి చేరుతోంది?