ఇసుక సీసాల నబీ రసూల్

నబీ రసూల్‌ది కడప జిల్లాలో ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె. ఇరవై ఆరేళ్లు గల్ఫ్‌లో ఆయన చేసింది ఒకటే పని. గాజు సీసాలో రంగుల ఇసుక పోసి ఒంటెల బొమ్మలు దించడం. సన్నటి గరాటుతో గాజు వెంబడి గోధుమరంగు ఇసుక జారవిడిచి, దాన్ని ఇనుప తీగతో కిందికి గుచ్చితే ఒంటె కాళ్లు దిగుతాయి. కాలు వంకరపోతే దిద్దడానికి ఉండదు. సీసా బోర్లించి మళ్లీ మొదటినుంచి పోసుకోవాలి.

దుబాయ్ పాతబజారు నైఫ్‌లో ఒక గిఫ్ట్ షాపు గుమ్మం పక్కన ఆయన కుర్చీ ఉండేది. 2020లో కరోనా వచ్చి నైఫ్‌ను మూసేశారు. గదిలో మరో ఏడుగురితో వారాల తరబడి ఉండిపోయాడు. తెరిచాక షాపుకు వెళితే కొనేవాళ్ల జాడ లేదు. యజమాని కొన్నాళ్లు చూసి, "ఖలాస్ భాయ్, దుకాణం తీసేస్తున్నా" అన్నాడు.

ఎవరో చెబితే తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ ఊరికి పోయి, సముద్రం ఒడ్డున ఇంకో చిన్న షాపులో కుదిరాడు. మామూలు రోజుల్లో అక్కడ ఈగలు తోలుకోవడమే. చలికాలంలో టూరిస్టుల ఓడ వచ్చిన రోజు మాత్రం తల ఎత్తడానికి ఉండదు. ప్రతివాళ్లకూ సీసాలో తమ పేరు కావాలి, బస్సు కదిలేలోపు కావాలి. వెనక ముదీర్, అంటే షాపు మేనేజరు, నిలబడి "యల్లా, యల్లా" అని తొందరపెడుతూనే ఉంటాడు.

రెండో చలికాలానికి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మెడలో నరం నొక్కుకుపోయిందనీ, వంగి చేసే పని మానుకోవాలనీ క్లినిక్‌లో డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఫోనులో భార్య రజియా బేగానికి చెప్పి, "ఇంగేం పని చేత్తునో నాకే తెలీదు" అన్నాడు. ముదీర్‌కు మాత్రం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే మంగ పరిచయమైంది. రాజోలు వైపు మనిషి. ఒడ్డున ఉన్న మరుగుదొడ్లు శుభ్రం చేసే కంపెనీలో పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపు నీడకు వచ్చి నిలబడి, ఆయన చేతివంకే చూసేది.

"ఏం మా, అట్ల చూచ్చాండావు?" అని అడిగాడు ఒకరోజు.

"ఏం లేదండి బాబాయ్‌గారూ. తీగ గుచ్చేటప్పుడు మీరు ఊపిరి బిగబడతన్నారండి. వదిలేత్తే చెయ్యి ఒణకదేమోనండి."

ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మూతి పగిలిన సీసా ఒకటి, కాస్త ఇసుక, పాత తీగ ఇచ్చి, "నువ్వు చేసి చూడు మా" అన్నాడు. రెండు నెలలపాటు ఆ అరగంట విరామంలో ఆమె గోడవారన కూర్చుని పోసింది, పారబోసింది. మొదట్లో ఒంటె మేకలా వచ్చేది. ఆయన పక్కనుంచి, "తీగను తోయగూడదు మా, దించాల" అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఓడ వచ్చిన రోజు, ఒక ముసలావిడ తన ఇద్దరు మనవరాళ్ల పేర్లతో సీసా చేసిమ్మంది. నబీ రసూల్ మూడుసార్లు పోశాడు. మూడుసార్లూ కాళ్లు చెదిరిపోయాయి. వెనక క్యూ పెరుగుతోంది. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని ఉన్న మంగ, "నేను గుచ్చనాండి?" అంది మెల్లగా. ఆయన లేచి కుర్చీ వదిలాడు. ఆమె కాళ్లు దించింది. పేర్లు ఆవిడ రాసిచ్చిన కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చూసి దించింది. ముసలావిడ సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకుని వెళ్లిపోయింది.

ముదీర్ వచ్చి, "యే కౌన్ హై?" అన్నాడు.

దాచి లాభం లేదనిపించింది. "నా చేయి పోయింది సార్. ఈమెది బాగుంది," అని హిందీలో చెప్పేశాడు. పంపించేస్తాడనుకున్నాడు. ముదీర్ క్యూ వైపు చూశాడు, మంగ వైపు చూశాడు, లోపలికి పోయాడు.

ఆ వేసవిలో కంపెనీతో ఒప్పందం తీరాక మంగకు షాపు తరఫున వీసా వచ్చింది. నబీ రసూల్ వెనక గదిలో ఇసుక జల్లించి రంగులు కలిపే పనిలోకి మారాడు. తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే దుఃఖం వస్తుందనుకున్నాడు, రాలేదు. మెడ ఎత్తి గోడకు చేరగిలబడితే ప్రాణానికి హాయిగా ఉండేది. అయినా అలుపు మాత్రం తగ్గలేదు. పొద్దున లేస్తూనే అలసిపోయి ఉండేవాడు.

మరుసటి ఏడాది సీజన్ అయిపోగానే, "నన్ను పంపించండి సార్" అని తానే అడిగాడు. బయల్దేరే రోజు బస్సు దాకా మంగ వచ్చింది.

"ఎవరన్నా తెలుగులో పేరు రాయమంటే ఎట్టాగండి? ఇసకలో ఆ గుండ్రాలు తిరగవు కదండి."

"నన్ను ఇన్నేండ్లలో ఒగడూ అడగలేదు మా. నువ్వే కనుక్కో."

ఇంటికి చేరిన మూడో రోజు, రజియా బేగం చుట్టాలతో మాట్లాడుతూ, ఆయన చేత్తో ఒక సీసా చేసి షోకేసులో పెడితే బాగుంటుందంది. నబీ రసూల్ మంచం మీదనుంచి లేవలేదు.

"నావల్ల గాదు రజియా."

ఆమె ఒక నిమిషం ఆయన చేతివంక చూసింది. "సరేలే, పండుకో," అని కిటికీ తలుపు దగ్గరకు వేసింది.