మూడో చరణం

మా బావ నలభై ఏళ్లు పాటలు రికార్డు చేశాడు. వాటిలో ఒక్క పాట కూడా ఆయనకి మొదటి లైను దాటి రాదు. మొదటి లైనైనా వచ్చిందంటే, రీలు డబ్బా మీద అదే పేరుగా రాసుకునేవాడు కాబట్టి వచ్చింది.

నమ్మకపోతే మా అక్కని అడగండి. పెళ్లయిన కొత్తలో ఆవిడ వంటింట్లోంచి ఏదో కేకేస్తే, ఈయన పేపరు మడిచి పక్కన పెట్టి, శ్రద్ధగా విని, "ఇవాళ నీ గొంతు కాస్త ముక్కులోంచి వస్తోంది, జలుబు చేసిందా?" అన్నాడట. ఆవిడ చెప్పింది గ్యాసు అయిపోయిందని. "ఒరేయ్, నేను కాపురం చేస్తున్నది మనిషితోనా, మైకుతోనా?" అని మా అక్క నా దగ్గర ఏడ్చినంత పని చేసింది. నేను నవ్వాను. బావమరిదిని, నవ్వక ఏం చేస్తాను? పోనుపోను ఆవిడే దారికొచ్చి, ముఖ్యమైన సంగతులు చీటీ మీద రాసి ఆయన కళ్లజోడు కింద పెట్టడం మొదలుపెట్టింది.

నిజానికి అది ఆయన తప్పు కాదు, పని అలాంటిది. స్టూడియోలో ఆయన బల్ల మీద గాజు మూత కింద ఒక ముల్లు ఉండేది. గొంతు పెరిగితే ముల్లు కుడికి పోతుంది, తగ్గితే ఎడమకి వస్తుంది. ఎర్ర గీత దాటిందా, శబ్దం చిరిగిపోతుంది. అవతల గాజు గోడ వెనక ఒకడు గుండెలు బాదుకుంటూ పాడుతున్నా సరే, ఈయన చూపు ముల్లు మీద, వేలు శబ్దం పెంచి తగ్గించే మీట మీద. ఏ అక్షరం దగ్గర గాలి మైకుకి తగిలింది, ఎక్కడ ఊపిరి పీల్చాడు, ఎక్కడ 'స' ఈల వేసింది, ఇవీ ఆయన వినేవి. మాటలకి అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే వేలు ఆలస్యమవుతుందని పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడట. ఆ ఒక్క మాట మాత్రం మా బావ చెవికెక్కించుకున్నాడు. స్టూడియోలో ఆయన్ని అందరూ ముల్లుగారు అనేవాళ్లు.

ముల్లుగారి చేతిమీదుగా వెళ్లిన వందల పాటల్లో జనం మర్చిపోనిది ఒక్కటే ఉంది. 'గుమ్మం బయట' అని, రాక్ పాట. పాడినవాడు పోయి ముప్పై ఆరేళ్లయినా, గిటారు కొత్తగా భుజాన వేసుకున్న ప్రతివాడూ ఇప్పటికీ ముందు దాని మీదే సాధన మొదలెడతాడు. 'గడియ వేసుకో' అన్న చోట హాలు హాలంతా కాళ్లతో నేలని తన్నుతుంది. పాడినవాణ్ని బొంగురు అని ముద్దుగా పిలిచేవాళ్లు. గొంతు అలాంటిది, గరుకుగా, పొద్దున్నే లేచి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా మైకు దగ్గరికి వచ్చినట్టుండేది.

ఆ పాటలో గడియ వేసుకున్నది ఎవరో అమ్మాయి అని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పత్రికల వాళ్లు ఆ అమ్మాయికి పేరు కూడా కనిపెట్టారు. అదంతా ఒట్టిది. గడియ వేసింది వాళ్ల అక్క. తల్లి పోయేనాటికి బొంగురుకి ఏడాది కూడా నిండలేదు, అక్కకి పదిహేనేళ్లు. ఆవిడే పెంచింది. ఆసుపత్రిలో దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టే గదిలో మిషను తొక్కి పెంచింది. తండ్రి పోయిన రోజు ఇతను వేరే ఊళ్లో స్టేజీ మీద ఉన్నాడు. కబురు అందింది, కానీ ప్రోగ్రాం మధ్యలో వదల్లేక ఆగిపోయాడు. మూడో రోజు గిటారు భుజాన వేసుకుని వచ్చాడు. ఆవిడ లోపల్నించే, "మళ్లీ ఈ గుమ్మం తొక్కకు" అని గడియ వేసేసింది. సాయంత్రం దాకా బయటే నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాసిందే ఈ పాట. రెండు చరణాల నిండా కోపం, అక్కని అనరాని మాటలు అన్నాడు.

మూడో చరణం ఒకటి ఉంది. దాని గురించే నేను చెప్పబోయేది.

వాయిద్యాలు ముందురోజే రికార్డయిపోయాయి. గొంతు మర్నాడు విడిగా తీసుకున్నారు. గాజు గోడకి అటు బొంగురు, ఇటు మా బావ, ఇంకెవరూ లేరు. కాగితం మీద రాసుకునే అలవాటు అతనికి లేదు, అన్నీ నోటికే. మూడు చరణాలూ పాడాడు. పాట ఐదు నిమిషాలు దాటింది. ఆ రోజుల్లో చిన్న రికార్డు ఒక పక్క నాలుగు నిమిషాలు దాటితే గాడులు ఇరుకైపోయి శబ్దం పీలగా వచ్చేది. అంత మంచి గొంతు పీలగా వస్తుందంటే మా బావకి ప్రాణం పోయినంత పనైంది. కంపెనీ వాళ్లకి ఆయనే చెప్పాడు, మూడో చరణం తీసేస్తే నిండుగా వస్తుందని. వాళ్లు సరేనన్నారు. బ్లేడుతో టేపు కోసి, రెండు చివరలూ అతికించాడు. అతుకు ఎక్కడుందో ఈనాటికీ ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహంలో గర్వం వచ్చి, వెంటనే చచ్చిపోతుంది.

బొంగురు ఒప్పుకున్నాడు కానీ మనసులో పెట్టుకున్నాడు. ఒకరోజు స్టూడియోకి వచ్చి, బల్ల మీద మోచేతులు ఆనించి ఏదో చెప్పాడు. మా బావ అప్పుడు వేరే బృందం డ్రమ్స్ సరిచేస్తున్నాడు, కళ్లు ముల్లు మీదున్నాయి. "సరే" అన్నాడు. ఏం అడిగాడో వారం తర్వాత కంపెనీ వాళ్ల ద్వారా తెలిసింది. 'ఆ ముక్క పారెయ్యకు అన్నా, పెద్ద రికార్డులో పెట్టుకుందాం' అని అడిగాడట.

అప్పట్లో టేపు అంత తేలిగ్గా దొరికేది కాదు. కోసిన ముక్కలన్నీ కలిపి అతికించి ఒక రీలు చేసి, దాని మీద ప్రకటనలు రికార్డు చేసుకునేవాళ్లు. కబురు తెలియగానే మా బావ ఆ రీలు వెతికి పెట్టి విన్నాడు. మూడో చరణం ఉండాల్సిన చోట బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. రికార్డు చేసింది ఆయనే. ఇంకోసారి పాడించుకుందాం, మనిషి ఉన్నాడు కదా అని గుండె దిటవు చేసుకున్నాడు. ఆ వీలు చిక్కకముందే ఎనిమిది నెలలకి, ప్రోగ్రాం నుంచి తిరిగి వస్తుంటే బొంగురు వ్యాను బోల్తాపడింది.

ఈ సంగతి మా బావ నాకొక్కడికే చెప్పాడు. అప్పుడు నేను వేళాకోళం ఆడలేదు.

ముప్పై ఆరేళ్లు గడిచాయి. ఆ మధ్య ఆ పాటకి డ్రమ్స్ వాయించినాయన రేడియోలో మాట్లాడుతూ నోరు జారాడు. "ఆ పాటకి మూడో చరణం ఉండేదండీ, వాళ్ల అక్క మీద రాశాడు. మాకెవరికీ వినిపించలేదు. విన్నది ముల్లుగారొక్కరే" అన్నాడు. రెండు వారాలు తిరక్కుండా, ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యి నేను బావతో పేకాడుతుంటే, ఎవరో తలుపు కొట్టారు.

డెబ్భై ఐదేళ్ల మనిషి. మూడు అంతస్తులు ఎక్కొచ్చి ఆయాసపడుతోంది. చేతిలో గుడ్డ సంచి. కుడిచేతి చూపుడువేలు గోరు సూది దిగి దిగి నల్లబడిపోయింది. మా అక్క కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. సగం తాగి గ్లాసు ఒళ్లో పెట్టుకుని, తను ఎవరో చెప్పింది. మా బావ చేతిలో పేకముక్కలు అలాగే ఉండిపోయాయి.

"మా కుట్టు గదిలో పన్నెండు మిషన్లు ఉండేవండీ. కిటికీలో రేడియో. రోజూ ఆ పాట వచ్చేది. అమ్మాయిలందరూ 'గడియ వేసుకో' అని మిషను కూడా ఆ తాళానికే తొక్కేవాళ్లు. నేనూ తొక్కేదాన్ని. ఆ గడియ నాదేనని ఎవరికీ చెప్పలేదు. బస్సెక్కితే అదే పాట, సందులో పిల్లలకీ అదే పాట. ముప్పై ఆరేళ్లు వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు. పడ్డాను. నేనన్న మాటకి నేను పడాలి కదా." గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది. "ఇంకో చరణం ఉందని మొన్న తెలిసింది. మీరు విన్నారట. అందులో కూడా తిట్టాడా, లేకపోతే ఇంకేమైనా అన్నాడా? ఏదైనా పర్వాలేదు. వాడు నా మీద కోపంతోనే పోయాడా లేదా, అది తెలుసుకుని వెళ్తాను."

మా బావ ముక్కలు కింద పెట్టి లేచాడు. "ఒక్క నిమిషం అమ్మా, టీ పెట్టిస్తాను" అని వంటింట్లోకి వచ్చేశాడు. నేను వెనకాలే వెళ్లాను. స్టవ్వు దగ్గర మా అక్క ఉంది.

"ఒక్క మాట గుర్తులేదురా" అన్నాడు. "నాలుగుసార్లు పాడించాను. మూడోది తీసుకున్నాం. ఎక్కడ మీట తగ్గించానో చెప్పగలను. మాటల్లో ఒక్కటీ గుర్తులేదు. విననే లేదు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు.

"ఏదో ఒకటి చెప్పు బావా" అన్నాను. "అక్కా అని పిలిచాడను, తలుపు తియ్యి వస్తున్నా అన్నాడను. ఆవిడ ప్రాణం కుదుటపడుతుంది. ఎవరికి నష్టం? టేపు లేదు, వాడూ లేడు."

"తెలియనిది తెలియదనండి" అంది మా అక్క గిన్నెలో చెంచా తిప్పుతూ. "తెలిసింది ఏదైనా ఉంటే అది చెప్పండి. నోరేం అరిగిపోదు."

ఎన్నాళ్లనుంచో మా ఇద్దరి మాటలూ పెడచెవిన పెట్టిన మనిషి, ఆ రోజు నా మాట విన్నాడు.

టీ తీసుకెళ్లి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పాడు. "తిట్టలేదమ్మా. 'అక్కా, తలుపు తియ్యి, వస్తున్నా' అని పాడాడు. కోపం లేదు."

ఆవిడ మొహం ఎంత వెలిగిందో! నా తెలివికి నాకే ముచ్చటేసింది. "అక్కా అని పాడాడా?" అంది.

"అవునమ్మా. రెండుసార్లు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. వెలుగు వచ్చినట్టే పోయింది. "వాడికి మాటలు వచ్చేసరికి మా అమ్మ లేదండీ" అంది మెల్లగా. "ఊహ తెలిసినప్పటినుంచి నన్ను అమ్మా అనే పిలిచాడు. చుట్టాలు తప్పని ఎంత చెప్పినా వినలేదు. ఆఖరిరోజు తలుపు బయట నిలబడి కూడా అమ్మా అనే పిలిచాడు. అక్కా అని ఒక్కనాడు అనలేదు." మా బావ వైపు చూసింది, ఆ చూపులో కోపం కూడా లేదు. "పోనీలెండి. ముసలిదాన్ని, బాధపడతానని మంచికే చెప్పి ఉంటారు."

సంచి తీసుకుని లేచింది. మా అక్క నన్ను చూసిన చూపు నేను ఇక్కడ రాయను. ఆ పెద్దావిడ గడప దాటి చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా మా బావ ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అమ్మా, ఆగండి. అది అబద్ధం. నాకు మాటలు గుర్తులేవు. కానీ ఒకటి నిజం. మూడో చరణం ఎత్తుకునే ముందు వాడు నవ్వాడు. నోరు విప్పకముందే ముల్లు చిన్నగా కదిలింది. ఇంకా పాడలేదు కదా, ఇదేమిటా అని తలెత్తి చూశాను. పని చేసేటప్పుడు నేను తలెత్తనమ్మా, ఎవరినైనా అడగండి. వాడు కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. వెటకారం కాదు. ఇంటికొచ్చినవాడి నవ్వు. నాలుగుసార్లు పాడితే నాలుగుసార్లూ అక్కడ నవ్వాడు. నేనే ఆ నవ్వు టేపులో పడకుండా మీట తగ్గించాను. దేవుడి మీద ఒట్టు."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. అది నిజమని అక్కడున్న రాయికైనా తెలుస్తుంది.

ఆవిడ రెండో చెప్పులో కాలు పెట్టుకుంది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది.

"ఇందాకటిది కూడా నిజమనే చెప్పారు కదండీ" అంది, చాలా మర్యాదగా, ఒక్కో మెట్టూ దిగుతూ.

మా బావ గడపలో నిలబడిపోయాడు. కింద గేటు చప్పుడైంది. అప్పుడు నా వైపు తిరిగి, "నవ్వాడురా" అన్నాడు.

నమ్మాను. నేను నమ్మి ఏం లాభం?