సాగదీసిన పేరు

కంప్యూటర్‌లో విండోస్ కొత్తగా ఎక్కించాక నెట్ పోయింది. వైఫై పాస్‌వర్డ్ పెట్టిన మా ఆయన పోయి ఏడాది కాలేదు.

"రౌటర్ రీసెట్ చేసి కొత్తది పెట్టేద్దాం. పిన్నీసు ఉందా పిన్నిగారూ?" అన్నాడు మెకానిక్.

"ఆయన పెట్టింది చెరిపేయకు బాబూ! నా ముద్దుపేరే పెట్టానన్నారు," అన్నాను, కాలు నిలవక గదిలో అటూ ఇటూ తిరుగుతూ.

"ఏం పేరు?"

సిగ్గు చంపుకుని చెప్పాను. "బుల్లి."

ఇంగ్లీషులో కొట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇవి అయిదు అక్షరాలే. కనీసం ఎనిమిది ఉండాలండీ."

"ఆయన సాగదీసి పిలిచేవారు. వీధి గుమ్మంలో చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేవారు."

మెకానిక్ నవ్వాడు. చివరి అక్షరాన్ని ఇంకో మూడుసార్లు నొక్కుతూ, "బుల్లీ...ఈ" అని పైకే చదివాడు.

నెట్ వచ్చింది. అప్పటికే నేను, "వస్తున్నానండీ" అనేశాను.