సత్తయ్య తీసెయ్యమన్న బొటనవేళ్లు

2011 వేసవిలో మా పత్రిక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు కలిపి ఒక జోన్ పేజీ మొదలుపెట్టింది. జోన్ పేజీ అంటే జిల్లా అనుబంధంలో ఆ ప్రాంతంవాళ్లకు మాత్రమే వెళ్లే పేజీ. నన్ను సీనియర్ సబ్ ఎడిటర్ హోదాలో జగిత్యాల డెస్కుకు వేశారు. తెలంగాణ ఉద్యమం అప్పుడు రోజూ రోడ్డు మీదే ఉండేది. ధర్నాలు, రాస్తారోకోలు, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పులు. కంట్రిబ్యూటర్లు, అంటే నెలజీతం లేకుండా వార్తల లెక్కన పనిచేసే మండల విలేకరులు, పంపినదంతా కుదించి పేజీకెక్కించడం నా పని. ఆ ఏడాదే సోషల్ మీడియాలో మాకొక పేజీ తెరిచారు. దాన్ని చూసుకోవడమూ డెస్కు పనిలో కలిసింది.

వర్షాకాలంలో, కోరుట్లలో వంటావార్పు ముగించుకుని సిరిసిల్లకు బండి మీద తిరిగి వెళ్తూ నరేశ్ అనే యువకుడు లారీ గుద్ది చనిపోయాడు. కోరుట్ల కంట్రిబ్యూటర్ కరీం అతని ఫొటో పంపాడు. పత్రికలో రెండు కాలమ్‌ల వార్త వేశాం. అదే ఫొటో సోషల్ మీడియా పేజీలోనూ పెట్టాం. వందల లైకులు వచ్చాయి. అప్పట్లో నొక్కడానికి ఉన్న గుర్తు అదొక్కటే, పైకెత్తిన బొటనవేలు. ఏడుపు ముఖాలు, జోడించిన చేతులు తర్వాత వచ్చాయి. బాధపడినవాళ్లూ, ఊరికే చూసినవాళ్లూ ఆ వేలినే నొక్కేవారు.

"సార్, మన పేజీకి గిన్ని లైకులు ఎన్నడన్న అచ్చినయా? పేపర్ కన్నా గిదే జోరుమీదున్నది," అని కరీం ఫోన్లో సంబరపడ్డాడు.

ఆ మరునాడు నరేశ్ తండ్రి సత్తయ్య, కూతురు లావణ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఆయన మరమగ్గాల కార్ఖానాలో కార్మికుడు. చదువు రాదు. తోటివాళ్లు ఫోన్లో ఆ ఫొటో చూపించి, "సత్తన్నా, నీ కొడుకు ఫేమస్ అయిండు పో," అన్నారట.

"సావింటికి అచ్చినోళ్లు ఏలు లేపి శాబాష్ అంటరా సార్?" అని అడిగాడు.

అది మెచ్చుకోలు కాదని, చూశామని, తోడున్నామని చెప్పడమని వివరించాను. ఆయన అంతా విన్నాడు.

"మా దిక్కు సావింటికస్తే ఏం మాట్లాడరు. జరసేపు కూసుంటరు. పోయేటప్పుడు పోతున్నమని గూడ చెప్పరు. పదకొండో దినం చుట్టాలందరు అస్తరు, అందరి చేతులల్ల ఫోన్లుంటయి. వాని తల్లి సూస్తది. గా ఏళ్లన్ని తీసెయ్యుర్రి సార్."

వేళ్లను మాత్రమే తీయడం మా చేతిలో లేదు. తీస్తే పోస్టు మొత్తం తీసెయ్యాలి. దాంతోపాటు కింద నరేశ్ స్నేహితులు రాసిన కామెంట్లూ పోతాయి. ఆ మాట వినగానే లావణ్య అడ్డుపడింది. అన్న తాను చదువుకున్న హాస్టల్లో మగ్గం చప్పుడు నోటితో చేసి అందరినీ నవ్వించేవాడని ఆమెకు తెలిసింది ఆ కామెంట్లలోనే.

"గవి గూడ పోతే అన్న ముచ్చట్లు నాకు ఇంకెవలు చెప్తరు బాపూ?"

పోస్టును ప్రింటు తీయించాను. వెనకటి రోజుల్లో వార్తల ముక్కలు కత్తిరించి పేజీలు అతికించిన అలవాటు కొద్దీ కత్తెర నా సొరుగులోనే ఉండేది. వేళ్లున్న చోట్లు వదిలేసి, కామెంట్లు ఒక్కొక్కటే కత్తిరించాను. లావణ్య చదువుతుంటే సత్తయ్య తలవంచుకుని విన్నాడు. మగ్గం చప్పుడు దగ్గర మాత్రం, "ఇంట్ల ఎన్నడు చెయ్యలే," అన్నాడు.

ఒక కామెంటులో మాటలేమీ లేవు. రెండు చుక్కలు, ఒక బ్రాకెట్, అంతే. టైపు చేయడంలో తప్పనుకుని పక్కన పడేయబోయాను.

"అది పారెయ్యకుర్రి సార్," అంది లావణ్య. "బాపూ, తల పక్కకు వంచి సూడు."

సత్తయ్య వంచి చూశాడు.

"మూతి కిందికి గుంజిండు. ఏడుస్తుండు," అన్నాడు. "గిది నాకియ్యి బిడ్డా. గిది నాకు సదువస్తది."

మిగతా ముక్కలు లావణ్య తీసుకుంది. వాళ్ల ఎదుటే పోస్టు తీసేయించాను. లైకులన్నీ పోయాయని కరీం చాలా రోజులు నొచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఇంటివాళ్లను అడగకుండా ఏ మరణవార్తనూ మేం ఆ పేజీలో పెట్టలేదు. లైకుల సంఖ్య వార్త ఎంతమందికి చేరిందో చెబుతుంది. డెస్కులో కూర్చున్నవాళ్లం దాన్ని ఎంతమంది దుఃఖించారో అన్నట్టు చదువుకుంటాం. ఆ రెండూ ఒకటి కావు. రిటైరయ్యేదాకా నేను వాటిని విడివిడిగానే చదివాను.