కుడివైపు బటన్

నాన్న ఓడల్లోంచి సరుకు దించే క్రేన్ నడిపేవాడు. పొద్దున్నే నిచ్చెన ఎక్కి గాజు గదిలో కూర్చుంటే మళ్లీ సాయంత్రానికే నేల మీదికి వచ్చేవాడు. కింద పనిచేసేవాళ్లు ఆయనకు పైవాడని పేరు పెట్టారు. బరువుకు తాళ్లు బిగించి, "ఇక పైవాడే దిక్కు" అని నవ్వుకునేవారట. ఇంట్లో మాత్రం అమ్మ గొంతు కాస్త పెరిగితే చాలు, ఆ పైవాడు చెప్పుల్లో కాళ్లు పెట్టి వీధిలోకి జారుకునేవాడు.

అంత ఎత్తులో కింది మాటలు వినపడవు. అందుకని కింద ఒక సైగల మనిషి ఉంటాడు. వేలు పైకెత్తి తిప్పితే బరువు లేపాలి. కిందికి చూపి తిప్పితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. పిడికిలి చూశాక ఇంకో సైగ వచ్చేదాకా ఆకాశం విరిగిపడ్డా కదల్చకూడదు. ఈ సంగతి నాన్న అన్నం తింటూ మాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఓడకూ ఓడకూ మధ్య ఖాళీ దొరికితే ఆడుకోవడానికి ఆయన దగ్గర చేతిలో పట్టే వీడియో గేమ్ ఒకటి ఉండేది. మూసేస్తున్న బొమ్మల దుకాణంలో, ఎవరూ కొనని వస్తువుల బుట్టలోంచి తెచ్చుకున్నాడు. అంతరిక్ష నౌకల మీద వరసగా వచ్చిన సినిమాల పేరుతో చేసిన ఆట అది. ఆ సినిమాలకు జనం విరగబడ్డారు. ఆటను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అట్ట మీద హీరో తుపాకీ ఎత్తి నిలబడి ఉంటాడు కానీ, లోపల ఎంత వెతికినా కనపడడు. యుద్ధం అయిపోయాక మిగిలిన విరిగిన నౌకలను ఒక చిన్న పడవలాంటి దానితో ఈడ్చుకొచ్చి రేవుకు చేర్చడమే ఆట. నాన్న ఆ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు.

"పగలంతా మోసి, ఇందులోనూ మోతేనా అన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"ఇక్కడ తిట్టేవాళ్లు లేరు కదరా" అన్నాడు నాన్న.

ఎడమ బొటనవేలితో పడవను నడపాలి. కుడివైపు బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే పడవ కొక్కెం బరువును పట్టుకుంటుంది. వేలు తీస్తే బరువు జారిపోతుంది. మూడో మజిలీ దాటితే, నొక్కకపోయినా దానంతటదే పట్టుకునే కొక్కెం వస్తుంది. నాన్న ఆ కొక్కెం ఎప్పుడో సంపాదించాడు.

ఒకరోజు ఇనుప రేకుల చుట్ట గాలిలో ఉండగా, లారీ సర్దుకోవాలని సైగల మనిషి పిడికిలి చూపాడు. నాన్న ఆపాడు. లారీ సర్దుకుంది. దించమని వేలు తిప్పాడు. చుట్ట కదలలేదు. పైవాడు అలిగాడన్నారు మొదట. నిద్రపోయాడన్నారు తరువాత. ఆ పైన తిట్లు లంకించుకున్నారు. ఎవరో విసుక్కుంటూ నిచ్చెన ఎక్కి చూస్తే, ఆయన కుర్చీలో కుడివైపుకు ఒరిగిపోయి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయట.

పక్షవాతం కుడి చేయినీ కుడి కాలునూ మాటనూ తీసుకుపోయింది. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. నేను బడి మానేసి ఆయన దగ్గర ఉండిపోయాను. బడిలోనూ నేను నోరు తెరిచింది తక్కువే. మాటలేని ఇద్దరికీ ఒక గది సరిపోయింది.

చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి, ఒళ్లో దిండు మీద ఆ గేమ్ పెట్టుకుని, ఒక్క ఎడమ బొటనవేలితో పెద్ద పెద్ద నౌకలను ఏ గోడకూ తగలకుండా రేవుకు చేర్చేవాడు. చేర్చాక తలెత్తి నన్ను చూసేవాడు. ఆ చూపు క్రేన్ దిగి ఇంటికొచ్చిన మా నాన్నదే. రోజంతటిలో ఆ కాసేపే ఆయన నాకు దొరికేవాడు.

గేమ్ తెర మసకబారితే బాబాయి రిపేరుకు తీసుకెళ్లాడు. అక్కడ ఏం జరిగిందో తరువాత ఆయనే చెప్పుకున్నాడు. తెర బాగుచేశాక రిపేరు చేసేవాడు, గేమ్‌లో దూర్చే ఆట బిళ్లలో చిన్న బ్యాటరీ కూడా నీరసించిందనీ, మారిస్తే ఇన్నాళ్లూ ఆడి అందులో దాచుకున్నది పోతుందనీ అన్నాడట.

"లోపల దుమ్ము తప్ప ఏముందయ్యా? కొత్తది వేసెయ్" అన్నాడట బాబాయి.

తెర వెలిగేసరికి నాన్న మొహం వెలిగింది. మొదటి మజిలీ కనపడగానే ఆరిపోయింది. ఆయన పడవను నడిపాడు, బరువు జారిపోయింది. మళ్లీ నడిపాడు, మళ్లీ జారింది. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తెచ్చి బటన్ మీద పెట్టుకున్నాడు. అది తడిగుడ్డలా అక్కడ పడి ఉంది. గేమ్ పక్కన పెట్టేసి గోడవైపు తిరిగాడు.

"బాగుచేయిద్దామనే కదా వదినా" అని బాబాయి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాగానే చేశావులే" అంది అమ్మ.

ఆ తరువాత నాన్న ముద్ద నోట్లో పెడితే మింగేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నావైపు చూడడం మానేశాడు. మూడో మజిలీ నేను దాటి, ఆ కొక్కెం తెచ్చి ఆయన చేతికివ్వాలనుకున్నాను. నాకు ఆట రాదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, పడవను గోడలకేసి కొడుతూ ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం మంచం పట్టె మీద టక్కున చప్పుడైంది. ఎడమ చేయి నా భుజం మీదుగా ముందుకొచ్చి ఆనుకుంది. వేలు పైకి లేచి తిరిగింది. నేను బరువు లేపాను.

అలా మొదలైంది. ఆయన మొహం నాకు కనపడేది కాదు, చేయి ఒక్కటే కనపడేది. అమ్మ పని నుంచి వచ్చి చూసి, "ఏవండీ, దీన్ని కూడా క్రేన్ ఎక్కించారా?" అంది. వెనకనుంచి గొంతులో ఏదో గురగురమంది. అది నవ్వేనని అమ్మ చెప్పింది.

మూడో మజిలీలో చివరి నౌక దాకా వచ్చాం. ఎదురుగా రేవు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నా భుజం మీద పిడికిలి బిగిసింది. నేను ఆపాను.

తలుపు తెరుచుకుంది. పిడికిలి కదలలేదు. ఇంకా మంచి అదను కోసం చూస్తున్నాడనుకున్నాను. తలుపు మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. బటన్ మీద నా కుడి బొటనవేలు తిమ్మిరెక్కింది. అయినా తీయలేదు. తీస్తే మొదటికొస్తుంది. ఆయనకు తెలుసు, నాకు తెలియదు, అనుకుంటూ బరువును అలాగే పట్టుకుని కూర్చున్నాను. భుజం మీద చేయి బరువెక్కుతూ ఉంది.

అమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఎందుకింత నిశ్శబ్దంగా ఉన్నారని అడిగింది. నా వెనక్కి చూసి ఆగిపోయింది.

"ఏవండీ" అంది. మళ్లీ "ఏవండీ" అంది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

నా భుజం మీంచి ఆ చేతిని తీసింది. పిడికిలి విప్పబోతే రాలేదు. తరువాత నా చేతుల్లోంచి గేమ్ లాక్కుంది. బరువు జారి కిందికి పోయింది.