డప్పు కాగేదాకా ఆగిన ఆర్కెస్ట్రా

కౌకూర్ నుంచి మేడ్చల్ దాకా క్రిస్మస్ ఆర్కెస్ట్రా అంటే మా మాస్టరే. మిలిటరీ బ్యాండులో ఏళ్ల తరబడి క్లారినెట్ వాయించి రిటైరయ్యాక, చర్చిల్లో వాయించేవాళ్లనందరినీ పోగేసి దాన్ని నిలబెట్టారు. శామీర్‌పేట్‌లో పెళ్లి విందుకు వెళ్లినా ఆయన్ని గుర్తుపట్టి ఫొటో దిగేవాళ్లు. నాకు వయొలిన్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

మనిషి పొట్టి. వెనక వరుసకు కనబడాలని కూల్‌డ్రింక్ సీసాల చెక్కపెట్టె బోర్లించి దానిమీద నిలబడేవారు. చేతిలో తాళం చూపే కర్ర ఉండదు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో, కుడి చెయ్యి గాల్లో. మిగిలిన పనంతా కనుబొమ్మలే చూసుకునేవి. పాట మెల్లగా సాగాలంటే మోకాళ్లు వంచి వంచి, చివరికి పెట్టెమీదే కూర్చుండిపోతారేమో అనిపించేది. నవ్వొచ్చేది, కానీ నవ్వితే చచ్చామే. అంతమందిలో ఎవరి తీగ వదులైందో ఇట్టే పట్టేసేవారు. "గా మూలకున్న పిల్లా, నీ తీగె నిద్రవోతాంది, లేపు" అనేవారు. ఆ పిల్ల చాలాసార్లు నేనే.

రాజకీయాలంటే ఆయనకు పాటంత ఇష్టం. రిహార్సల్ మధ్యలో చాయ్ తాగుతూ పేపర్ గట్టిగా చదివి, ఏ పార్టీనీ వదలకుండా అందరినీ కడిగేసేవారు. ఒకసారి పేట్ బషీరాబాద్‌లో మేం వాయిస్తుండగా ఒక నాయకుడు మందితో, దండలతో దిగాడు. నిర్వాహకులు ఆపమని సైగలు చేస్తుంటే మాస్టర్ వెనక్కి తిరగనే లేదు. పాట పూర్తయ్యేదాకా ఆ నాయకుడు మెళ్లో దండతో అలాగే నిలబడ్డాడు. తర్వాత మేం అడిగితే, "లేటొచ్చింది ఆయన, పాట గాదు" అన్నారు.

ఆయన అసలు పోరాటం మాత్రం మా ఇంట్లో మొదలైంది. మా నాయిన డప్పు వాయించేవాడు. పెళ్లికీ చావుకీ ఊరంతా పిలిచేది, వాకిలి బయట నిలబెట్టేది. చర్చికి వస్తే చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చునేవాడు. ఒక ఆదివారం మాస్టర్ మా ఇంటికొచ్చి, గోడకున్న డప్పు చూసి, "తమ్మీ, గిది గోడ మీద ఏం జేస్తాంది? ఈసారి నా ఆర్కెస్ట్రాల కూసో" అన్నారు. నాయిన మొహంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. నాయిన అక్కడ కూర్చోవాలి, ఆ ఏడు నేను చేసిన ప్రార్థన అదొక్కటే.

చర్చి కమిటీ పెద్దకు ఇది నచ్చలేదు. "వయొలిన్ల నడుమ గీ డప్పేంది మాస్టరూ? మంది నవ్వుతరు" అన్నాడు.

"డప్పు లోపలికి రాకుంటె నేను గూడ రాను. గా పెట్టె మీద నువ్వే ఎక్కు" అన్నారు మాస్టర్. పెద్ద దిగొచ్చాడు గానీ, నాయిన కుర్చీని మాత్రం స్టేజీ వెనక మూలకు, పరదా పక్కన వేయించాడు.

మేడ్చల్ ఫంక్షన్ హాల్లో కచేరీ. డిసెంబరు చలి చాలదన్నట్టు గొప్పకోసం ఏసీ కూడా వేశారు. మాస్టర్ నియమం ఒకటుంది: ఒకసారి కూర్చున్నవాళ్లు చివరి పాట అయ్యేదాకా లేవకూడదు. నాయిన బయట డప్పు కాచుకొచ్చి అందరితోపాటు కూర్చున్నాడు. ఆయన వంతు చివరి పాటలో. రిహార్సళ్లన్నీ చర్చి ఆవరణలో ఎండలో జరిగాయి కాబట్టి, అంతసేపట్లో డప్పు చల్లబడి తోలు వదులవుతుందని మాస్టర్‌కు తట్టలేదు. నాయినకు తెలుసు, కానీ మాస్టర్ మాట కాదని లేవడానికి మనసొప్పలేదు.

చివరి పాట వచ్చింది. నాయిన కర్ర వేశాడు. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు బద్దుమంది. ముందు వరుసలో కమిటీ పెద్ద నవ్వడం నాకు కనబడింది. నాయిన తల వంచుకున్నాడు.

మాస్టర్ చెయ్యి దించారు. ఆర్కెస్ట్రా ఆగిపోయింది. నాయకుడొచ్చినా ఆపని మనిషి! జనంవైపు తిరిగి, "తప్పు నాది. డప్పు సల్లబడ్డది, కాగాలె. వయొలిన్లు శ్రుతి జేసుకునేటప్పుడు ఆగిన్రు గదా, గిప్పుడు గూడ జర ఆగుండ్రి" అన్నారు. తర్వాత నాయినతో, "పో తమ్మీ. పరేషాన్ గాకు, మంచిగ కాపు" అన్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ వేసుకున్న చలిమంట ఉంది. నాయిన అక్కడికి వెళ్లాడు. మాస్టర్ తలుపులు బార్లా తీయించారు. బయటినుంచి ఒక దెబ్బ వినబడింది. మాస్టర్ అడ్డంగా తలూపారు. ఇంకో దెబ్బ. కనుబొమ్మ కాస్త లేచింది. ఇంకాసేపటికి ఖణేల్‌మని మోగింది. జేబులోని ఎడమ చెయ్యి బయటికొచ్చింది, నేను చూడటం అదే మొదటిసారి. రెండు చేతులూ ఒక్కసారి దించారు, మేమందుకున్నాం.

నాయిన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు! ఆగుతాడా? వాయించుకుంటూనే పెద్ద తలుపులోంచి, జనం నడుమ నుంచి నడిచొచ్చాడు. ముందు పిల్లలు లేచారు, తర్వాత అవ్వలు లేచారు, ఇక కూర్చున్నవాళ్లు లేరు. కమిటీ పెద్దకు కూడా లేవక తప్పలేదు. నాయిన స్టేజీ ఎక్కి మూల కుర్చీవైపు తిరగబోతే, మాస్టర్ కనుబొమ్మతో నా పక్క చోటు చూపించారు. నేను జరిగాను. పాట అయ్యాక మాస్టర్ పెట్టె దిగి, పక్కకు నిలబడి, నాయినకు తానే చప్పట్లు కొట్టారు. నేను గర్వంతో వెక్కివెక్కి ఏడ్చాను.

మాస్టర్ ఇప్పుడు లేరు. ఆ చెక్కపెట్టె మీద నేను నిలబడుతున్నాను. ప్రతి డిసెంబరులో కమిటీ పెద్దే ముందుగా ఫోన్ చేస్తాడు: "బిడ్డా, మంటకు ఎండుగడ్డి తెప్పించిన. ఏడ పెట్టమంటవ్?" గేటు దగ్గరే పెట్టమంటాను. హాలు నిండుతుంది, వయొలిన్లు సిద్ధమవుతాయి, జనం నావైపే చూస్తుంటారు. బయటినుంచి నాయిన దెబ్బ ఖణేల్‌మనేదాకా నేను చెయ్యి ఎత్తను.